గేటు రిజిస్టర్లో లేని లెక్క

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ. రోజూ 150 మంది దాకా లైబ్రరీ గేటు రిజిస్టర్లో సంతకం పెడతారు. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం రాబోతోంది. "లైబ్రరీ వల్ల పిల్లల మార్కులు పెరిగాయని లెక్కల్లో చూపించండి" అంటున్నారు ప్రిన్సిపాల్ గారు. ఎలా చూపించాలి మేడమ్?
– ఒక లైబ్రేరియన్, నంద్యాల జిల్లా

జవాబు: రోజుకు ఎంతమంది వస్తున్నారు, పుస్తకాలకూ జర్నల్స్‌కూ ఏటా ఎంత ఖర్చు పెట్టారు అన్నవి రిజిస్టరు చూసి, బిల్లులు చూసి రాసిచ్చేయండి. మార్కులు లైబ్రరీ వల్లే పెరిగాయని మాత్రం రాయకండి. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ యూనివర్సిటీ వాళ్ళు మరికొన్ని యూనివర్సిటీలతో కలిసి 2011లో ఈ లెక్కే తీశారు. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళడానికీ, ఈ-వనరుల్లోకి లాగిన్ కావడానికీ డిగ్రీ ఫలితంతో సంబంధం కనబడింది. గేటు దాటి లోపలికి రావడానికి కనబడలేదు. పైగా సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణమని అనలేమని వాళ్ళే చెప్పారు. బాగా చదివే పిల్ల ఎలాగూ లైబ్రరీకి వస్తుంది కదా!

మా హాల్లో ఎండాకాలం సంతకాలు అమాంతం పెరిగేవి. సగం మంది గ్రూప్-2కి సొంత పుస్తకాలు తెచ్చుకుని, ఫ్యాను కింద చదువుకునేవాళ్ళు. అదీ సేవే, మనసారా చేశాం. కానీ దాన్ని వేరే వరసలో రాయాలి.

ఇష్యూల లెక్కనూ, అంటే ఇంటికి ఇచ్చిన పుస్తకాల లెక్కనూ గుడ్డిగా నమ్మకండి. ఒకసారి కోహాలో (మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్) రిపోర్టు తీస్తే ఒక స్టాటిస్టిక్స్ పుస్తకానికి మూడేళ్ళలో ఒక్క ఇష్యూ కూడా లేదు. తీసెయ్యాల్సిన జాబితాలో చేరింది. సంతకం పెట్టేముందు ర్యాకు దగ్గరికి వెళ్ళి చేతిలోకి తీసుకున్నాను. వెన్ను ఊడితే ఎవరో తెల్ల టేపు అంటించారు. కోరిలేషన్ పాఠం దగ్గర పేజీల అంచులు నల్లబడ్డాయి, మార్జిన్ నిండా పెన్సిలు లెక్కలు. అది రిఫరెన్స్ కాపీ. ఇంటికి ఇవ్వం కాబట్టి ఇష్యూ పడదు, పిల్లలు అక్కడే కూర్చుని అరగదీశారు. ఆ రోజు నుంచి సాయంత్రం టేబుళ్ళ మీద మిగిలిన పుస్తకాలను ర్యాకుల్లో సర్దేముందు స్కాన్ చేయించేదాన్ని. కోహాలో దాన్ని లోకల్ యూజ్‌గా, అంటే లైబ్రరీలోనే చదివినట్టుగా లెక్కవేసే సెట్టింగ్ ఉంది. ఏడాది పొడుగునా కుదరకపోతే సెమిస్టరుకు రెండు వారాలు చాలు: ఒకటి మామూలు వారం, ఒకటి పరీక్షల ముందు వారం. కాలేజీలకు ఈ-పుస్తకాలు, ఈ-జర్నల్స్ అందించే ఎన్-లిస్ట్‌లో కూడా ఎన్ని ఖాతాలు ఇచ్చామన్నది కాదు, ఎంతమంది నిజంగా లాగిన్ అయ్యారన్నది చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, కౌంటరు మీద ఒక నోటుబుక్కు పెట్టండి. అడిగి, దొరక్క వెనక్కి వెళ్ళినవాళ్ళ లెక్క అందులో రాయాలి. తేదీ, పుస్తకం పేరు, కోర్సు, అంతే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాసిపెట్టారు. అందనివాళ్ళ లెక్క మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఉండదు. మా దగ్గర పదిహేను రోజుల్లో ఒకే అకౌంట్స్ పుస్తకానికి 11 మంది తిరిగి వెళ్ళారు. ఉన్నవి రెండే కాపీలు. ఆ పేజీ చూపించగానే మరో ఆరు కాపీలకు డబ్బు మంజూరైంది. తర్వాతి సెమిస్టర్లో అదే పుస్తకానికి ఎంతమంది వెనక్కి వెళ్ళారో పక్కన రాశాం. లైబ్రరీ వల్ల ఏం జరిగిందో చెప్పమంటే, మీ ప్రిన్సిపాల్ గారికి అలాంటి రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూపించండి.

మార్కుల పట్టికతో ఇష్యూల పట్టికను కలపక తప్పదంటే, కలిపిన వెంటనే పేర్లు, రోల్ నంబర్లు తీసేయించండి. ఏ పిల్ల ఏ పుస్తకం తీసుకుందన్నది స్టాఫ్ రూములో మాటగా మారకూడదు. నేను పనిచేసిన ఒకచోట అలాగే జరిగింది. ఆ తర్వాత ఆ అమ్మాయి కౌంటరు దగ్గరికి రావడమే మానేసింది.