పాత ఫోన్ అప్పుడే ఇచ్చేయకండి

ప్రశ్న: కొత్త ఫోన్ కొన్నాను. పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయాలి, ఎల్లుండి వచ్చి తీసుకెళ్తామన్నారు. నా రెండు బ్యాంకు ఖాతాలకు, షేర్ల ఖాతాకు, మ్యూచువల్ ఫండ్లకు, ఈమెయిల్‌కు రెండంచెల భద్రత పెట్టుకున్నాను. కొన్నిటికి ఓటీపీ మెసేజ్‌లో వస్తుంది, కొన్నిటికి అథెంటికేటర్ యాప్‌లో కోడ్ చూసి కొట్టాలి. సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేసుకుంటే సరిపోతుందా? వచ్చే వారం ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కట్టాలి.
– ఒక పాఠకురాలు

జవాబు: సిమ్ మారిస్తే సరిపోదండీ. ఎక్స్చేంజ్ వాళ్లతో ఈరోజే మాట్లాడి, పాత ఫోన్ ఇవ్వడాన్ని ఓ పది రోజులు వాయిదా వేయించండి. కుదరదంటే ఆ తగ్గింపు వదులుకున్నా పర్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన కొత్త ఫోన్ చేతికొచ్చిన సాయంత్రమే పాతదాన్ని రీసెట్ చేసి ఇచ్చేశారు. తర్వాతి నెలలో ఇంట్లో ఆపరేషన్ అవసరం పడింది. ఫండ్ యూనిట్లు అమ్మబోతే ఆరంకెల కోడ్ అడిగింది. అథెంటికేటర్ యాప్ కొత్త ఫోన్‌లోనూ ఉంది, కానీ తెరిస్తే ఖాళీ. గుర్తింపు పత్రాలు పంపి, సంతకం సరిపోలలేదంటే మళ్లీ పంపి, వీడియోలో ముఖం చూపించి, ఖాతా తెరుచుకునేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ఆయన ఎక్కువ వడ్డీకి అప్పు చేశారు. సొంత డబ్బు కళ్లెదుట కనిపిస్తుంటే అప్పు చేయాల్సి రావడం ఎంత బాధో దగ్గరుండి చూశాను.

మెసేజ్‌లో వచ్చే ఓటీపీ మీ నంబరుకు వస్తుంది, కాబట్టి సిమ్ ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది. అథెంటికేటర్ యాప్‌కు మీ నంబరుతో సంబంధమే లేదు. మొదటిరోజు మీరు స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లో ఒక పొడవాటి రహస్య సంకేతం ఉంటుంది. అది మీ ఫోన్‌లో ఒకటి, ఆ సంస్థ సర్వర్‌లో ఒకటి నిలిచిపోతుంది. ఆ సంకేతాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి లెక్కగట్టి, సాధారణంగా 30 సెకన్లకోసారి ఆరంకెల కోడ్ తయారవుతుంది. 2011లో ప్రామాణికంగా ప్రకటించిన పద్ధతి ఇది, దాదాపు అన్ని అథెంటికేటర్ యాప్‌లూ దీన్నే పాటిస్తాయి. మొన్న మా అమ్మాయి ఫోన్ మార్చినప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాం. రెండింట్లోనూ అవే ఆరంకెలు. పక్కనున్న చిన్న వృత్తం కరిగిపోగానే రెండింట్లో ఒకేసారి మారాయి. రెండింటినీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాం, అయినా అంతే.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఆ సంకేతం పాత ఫోన్‌తో పాటు పోతే, నంబరు మీ దగ్గరున్నా కోడ్ రాదు. రెండోది, యాప్‌లోని ఖాతాలను కొత్త ఫోన్‌లోకి పంపినంత మాత్రాన పాత ఫోన్‌లోవి పనిచేయడం మానవు. మీరు పంపింది నకలే.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముందు, పాత ఫోన్ సవ్యంగా పనిచేస్తుండగానే ఆ ప్రీమియం కట్టేయండి. గడువు దగ్గర పెట్టుకుని తాళాలు మార్చే పని పెట్టుకోవద్దు. బ్యాంకు యాప్‌లు చాలావరకు ఫోన్‌ను కూడా గుర్తుపెట్టుకుంటాయి. కొత్త ఫోన్‌లో మళ్లీ నమోదు చేసుకోమంటాయి, కొన్ని బ్యాంకులైతే ఆ తర్వాత కొంతకాలం పెద్ద మొత్తాలు పంపనివ్వవు. అందుకని ఆ నాలుగు రోజుల ఖర్చులకు సరిపడా డబ్బు వేరేగా అందుబాటులో ఉంచుకోండి.

తర్వాత ఈమెయిల్. పాస్‌వర్డ్ మర్చిపోతే మిగతా ఖాతాలన్నీ లింకు పంపేది అక్కడికే కదా, అందుకే దాని రెండంచెల భద్రతను మొదట కొత్త ఫోన్‌కు మార్చాలి. అక్కడే రికవరీ కోడ్‌లు, అంటే ఫోన్ చేతిలో లేనప్పుడు ఖాతాలోకి వెళ్లడానికి పనికొచ్చే కోడ్‌లు, కొత్తగా తీసుకోండి. గూగుల్ అయితే ఎనిమిదంకెల కోడ్‌లు పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త జాబితా తీసుకోగానే పాతది చెల్లదు, కాబట్టి పాత కాగితం చించేయండి.

డబ్బున్న ఖాతాల విషయంలో నా సలహా కొంచెం శ్రమతో కూడింది. యాప్ నుంచి యాప్‌కు ఎక్స్‌పోర్ట్ చేయడం తేలికే. కానీ షేర్లు, ఫండ్ల లాంటి ఖాతాలకు ఒక్కొక్కదానిలోకి లాగిన్ అయి, భద్రత సెట్టింగుల్లో పాత అథెంటికేటర్‌ను తీసేసి, కొత్త ఫోన్‌తో కొత్త క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. అప్పుడు సంకేతమే మారిపోతుంది, పాత ఫోన్‌లో మిగిలినది ఎందుకూ పనికిరాదు. ఖాతాకు ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి. మిగతా చిన్నాచితకా ఖాతాలకు ఎక్స్‌పోర్ట్ చాలు.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు తెరపై కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీయకండి, ఎవరికీ పంపకండి. అందులో మీ ఖాతాల సంకేతాలన్నీ ఉంటాయి. కొత్త ఫోన్‌తో నేరుగా స్కాన్ చేసి వెంటనే మూసేయండి. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 నుంచి మీ గూగుల్ ఖాతాలో దాచుకునే వీలూ వచ్చింది. సౌకర్యమే, కానీ ఆ ఒక్క ఖాతా ఇంకొకరి చేతిలో పడితే కోడ్‌లన్నీ పోయినట్టే. మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్ వాడుతూ ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారుతుంటే బ్యాకప్ మీద ఆధారపడకండి, అటుది ఇటు రాదు. ఆథీ అనే అథెంటికేటర్ యాప్ వాడుతుంటే దాని బ్యాకప్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

మార్చాక ప్రతి ఖాతానూ పరీక్షించి తీరాలి. పూర్తిగా లాగౌట్ అయి, కొత్త ఫోన్ చూపించే కోడ్‌తోనే లోపలికి వెళ్లండి. కోడ్ తప్పంటే కంగారు పడొద్దు, ముందు ఫోన్ గడియారం ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. గడియారం తేడాగా ఉంటే లెక్క తప్పుతుంది.

ఈ రోజుల్లో 'మీ ఫోన్ మారినట్టుంది, ధ్రువీకరణకు కోడ్ చెప్పండి' అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఏ బ్యాంకూ మిమ్మల్ని కోడ్ చదివి వినిపించమని అడగదు. మీ నంబరుకు ఉన్నట్టుండి సిగ్నల్ పోయి ఎంతకీ రాకపోతే, వేరే ఫోన్ నుంచి వెంటనే నెట్‌వర్క్ సంస్థకు, బ్యాంకుకు చెప్పండి. మీ పేరుతో ఇంకొకరు సిమ్ తీసుకుని ఉండొచ్చు. మెసేజ్ ఓటీపీకి ఉన్న బలహీనత ఇదే, యాప్ సౌకర్యం ఉన్నచోట యాప్‌నే ఎంచుకోండి.

రికవరీ కోడ్‌లు ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో దాచుకుంటే లాభం లేదు, ఫోన్ పోయినరోజు అవీ అందవు. కాగితం మీద రాసి ఇన్సూరెన్స్ పాలసీల ఫైల్లో పెట్టండి. ఏ కోడ్ ఏ ఖాతాదో మీకు అర్థమయ్యేలా గుర్తు వేసుకోండి, పాస్‌వర్డ్‌లు మాత్రం అదే కాగితం మీద రాయొద్దు. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో మీరు పూర్తిగా నమ్మే ఒకరికి తెలిసి ఉండాలి. మీరు ఆసుపత్రిలో ఉంటే మందుల బిల్లు కట్టాల్సింది వాళ్లే కదా.

ఓ వారంపాటు కొత్త ఫోన్‌తోనే అన్ని పనులూ చేయండి. ఏ ఖాతా అయినా మర్చిపోయి ఉంటే ఆ వారంలో బయటపడుతుంది, పాత ఫోన్ ఇంకా బీరువాలోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. తర్వాత ప్రతి ఖాతాలోనూ 'నమ్మకమైన పరికరాల' జాబితాలోంచి పాత ఫోన్‌ను తీసేయండి. అందులోని అథెంటికేటర్ ఖాతాలు తొలగించి, గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి సైనౌట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అప్పుడు ఎక్స్చేంజ్ వాళ్లను రమ్మనండి.