భోజనాల శాతం ఎందుకు తక్కువ వస్తోందంటే

హైదరాబాద్‌లో మధ్యాహ్న భోజనం తినే పిల్లల శాతం మరీ తక్కువ వస్తోందని అడిగారు కదండీ. తిన్న పిల్లల సంఖ్యను మీరు యూడైస్ ప్లస్ (దేశంలోని బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ డేటాబేస్) నమోదుతో భాగించారు. అందులో ప్రైవేటు బడుల పిల్లలూ కలిసి ఉన్నారు, చిక్కంతా అక్కడే. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులే ఉంచండి. కేంద్ర పథకం 8వ తరగతి వరకే. 9, 10 తరగతులకు తెలంగాణ ప్రభుత్వం పెడుతోంది, వాటిని విడిగా చూడండి. నమోదుతో కాదు, ఆ రోజు హాజరుతో పోల్చండి. ఆబ్సెంట్ అయిన పిల్లల్ని తినని వాళ్ల కింద రాస్తే వండిపెట్టే అమ్మలకు అన్యాయం చేసినట్టే.

భోజనాల ఫైలు, యూడైస్ ఫైలు రెంటినీ బడి పేరుతో కలపొద్దు. ‘ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల’ అని ఎన్ని ఉంటాయో! ఒక్కో బడికి విడిగా ఉండే 11 అంకెల యూడైస్ కోడ్‌తో కలపండి.

ఒక బడిలో ఎంతమంది పిల్లలకు సీట్లుంటాయో తెలియాలంటే గదులు, టీచర్లు చూసి అంచనా వేయండి; ప్రాథమిక స్థాయిలో విద్యాహక్కు చట్టం చెప్పే నిష్పత్తి 30 మందికి ఒక టీచర్.