కొలంబస్ అమెరికాను ‘కనుగొన్నాడు’ అనవచ్చా?

సందేహం: మా మనవడు అమెరికాలో ఏడో తరగతి చదువుతున్నాడు. సెలవుల్లో వాడికి తెలుగు నేర్పుతూ ‘1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు’ అనే వాక్యం రాయించాను. ‘అలా అనకూడదు అమ్మమ్మా, అక్కడ అప్పటికే మనుషులున్నారు’ అన్నాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ఇదే వాక్యం చెప్పాను. మరి ఏ క్రియ వాడాలి? ‘రెడ్ ఇండియన్లు’ అనే మాట కూడా వద్దంటున్నాడు. తెలుగులో వాళ్లను ఏమనాలి? – ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ మనవడు చెప్పిందే సరైనది. అయితే లోపం మన క్రియలో లేదు, దానిమీద తర్వాత ఎక్కించిన అర్థంలో ఉంది.

‘కను’ అంటే చూచు. దానికి ‘కొను’ చేరి ‘కనుగొను’ అయింది. మన కావ్యాల్లో ‘కనుగొని’ అంటే చాలా చోట్ల ‘చూసి’ అనే అర్థం. అదే మొదటిసారి చూడటం కావాలనే నియమం ఏమీ లేదు. వేటకు వెళ్లిన రాజు అడవిలో ఒక ఆశ్రమాన్ని కనుగొన్నాడంటే, అందులో ఉండే మునులకు ఆ ఆశ్రమం సంగతి తెలియదని కాదు కదా! ‘కనిపెట్టు’ కూడా అంతే. ‘పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు’ అని ఇప్పటికీ అంటాం. ఆధునిక పాఠ్యపుస్తకాలు వచ్చాక కొత్త యంత్రాలకు ‘కనిపెట్టు’, కొత్త విషయాలకు ‘కనుగొను’ అని పంచుకున్నాం. దాంతో ‘అంతవరకూ ఎవరికీ తెలియనిదాన్ని మొదట తెలుసుకోవడం’ అనే అర్థం స్థిరపడింది. యురేనస్ గ్రహాన్ని కనుగొన్నారంటే పేచీ లేదు, అక్కడ ఎవరూ లేరు. కానీ జనం కాపురం ఉన్న నేల విషయంలో అదే మాట వాడితే, ఆ ‘ఎవరికీ’లో అక్కడివాళ్లు లెక్కలోకి రాకుండా పోతారు.

ఒక్క క్రియకు ఇంత చర్చ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ మాట ఇంగ్లీషు రూపం, ‘డిస్కవరీ’, అమెరికా చట్టంలో భూమి హక్కు ఇచ్చే మాట. 1823లో జాన్సన్, మెకింటాష్ అనే ఇద్దరి మధ్య భూమి తగాదా అమెరికా సుప్రీంకోర్టుకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చెప్పిన తీర్పు సారాంశం ఇది: యూరప్ దేశాల్లో ఏది ఒక ప్రాంతాన్ని ‘కనుగొంటే’ దాని యాజమాన్యం ఆ దేశానిది. అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లకు మిగిలేది ఉండనిచ్చినంత కాలం ఉండే హక్కు మాత్రమే. అంటే ఇంటివాళ్లు రాత్రికి రాత్రి తమ ఇంట్లోనే అద్దెకున్నవాళ్లయ్యారు. ఈ సిద్ధాంతానికి వేళ్లు 1493లో పోప్ ఆరో అలెగ్జాండర్ స్పెయిన్‌కు ఇచ్చిన ఆజ్ఞాపత్రంలో ఉన్నాయి. 2005లో ఒనైడా జాతివాళ్ల భూమి కేసులో కూడా అమెరికా సుప్రీంకోర్టు దీన్ని ప్రస్తావించింది. వాటికన్ దీన్ని అధికారికంగా కాదన్నది 2023 మార్చిలో. మనం అలవాటుగా రాసే క్రియకు అక్కడ ఇంత బరువుంది.

భాష మీద పని చేసేవాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతులు రెండున్నాయి. కొలంబస్ 1492 అక్టోబర్ 12న దిగింది బహామాస్‌లోని ఒక దీవిలో. దాని పేరు గ్వానహాని. అతను వెంటనే శాన్ సాల్వడోర్ అని మార్చాడు. ఆ రోజు దినచర్యలోనే, వీళ్లలో ఆరుగురిని రాజుగారి దగ్గరకు తీసుకువెళతాను, ‘మాట్లాడటం నేర్చుకుంటారు’ అనే అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనుషుల గురించి ఆ మాట! తన భాష కానిది అతని చెవికి భాషగానే వినిపించలేదు.

రెండోది ‘రెకెరిమియెంతో’ అనే ప్రకటన. 1513 నుంచి స్పెయిన్ సైనికులు ఏదైనా ఊరి మీద పడబోయే ముందు దీన్ని చదవాలి. మా రాజుకూ మా మతానికీ లోబడండి, లేదంటే యుద్ధం చేసి మిమ్మల్ని, మీ భార్యాబిడ్డల్ని బానిసలుగా పట్టుకుంటాం, ఆ చావులకు బాధ్యత మీదే అని దాని సారం. చదివేది స్పానిష్‌లో. వినేవాళ్లకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ఒక్కోసారి జనం లేని ఊళ్లోనూ, చెట్ల మధ్యనూ చదివేసి లాంఛనం అయిందనిపించుకున్నారు. భాషను ఇంత అన్యాయంగా వాడిన సందర్భం మరొకటి నాకు గుర్తు రావడం లేదు. స్పెయిన్‌వాడే అయిన లాస్ కాసాస్ అనే మతగురువు దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదన్నాడు.

ఇక మీ వాక్యం. ‘చేరాడు’, ‘అడుగుపెట్టాడు’ అన్నవి చక్కని మాటలు. ‘సముద్రమార్గం కనుగొన్నాడు’ అన్నా తప్పు కాదు, యూరప్ వాళ్లకు ఆ దారి కొత్తదే. అయితే సుమారు వెయ్యో సంవత్సరానికే వైకింగులు ఉత్తరాన కెనడా తీరం చేరారు కనుక ‘మొదటి యూరోపియన్’ అని మాత్రం రాయించకండి.

మీరు అడగకపోయినా ‘వలస’ గురించి ఒక మాట చెప్పాలి. మనకు వలస అంటే బతుకుతెరువు కోసం ఊరు విడిచి వెళ్లడం. పాలమూరు వలసలు అనగానే నెత్తిన మూటలు, చంకన పిల్లలు కళ్ల ముందు కదులుతారు. ఆ మాటనే ‘వలస పాలన’, ‘వలస రాజ్యం’ అని పరాయి పాలనకూ వాడుతున్నాం. ఈ సమాసాలు అలవాటైపోయాయి, ఉండనివ్వండి. కానీ ‘యూరోపియన్లు అమెరికాకు వలస వెళ్లారు’ అని ఊరికే రాస్తే 1521లో మెక్సికోలోని అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌ను నేలమట్టం చేసిన స్పెయిన్ సేనాని కోర్టెస్, పొట్ట చేత పట్టుకుని వెళ్లిన కూలీ ఒకే మాటలో కలిసిపోతారు. ‘ఆక్రమించారు’ అనాల్సిన చోట అలాగే అనాలి.

‘రెడ్ ఇండియన్లు’ వదిలేయండి. ఆసియా తూర్పు దీవులకు (యూరప్ వాళ్ల మాటలో ‘ఇండీస్’) చేరాననుకుని కొలంబస్ పెట్టిన పేరుకు, తర్వాతివాళ్లు ఒంటి రంగు తగిలించారు. ఆ పొరపాటు క్రికెట్‌లో మనకు తెలిసిన వెస్టిండీస్ పేరులోనూ ఉంది. ‘గిరిజనులు’ కుదరదు, అది కొండల్లో ఉండేవాళ్ల పేరు. టెనోచ్‌టిట్లాన్ సరస్సు మధ్య కట్టిన మహానగరం. ‘ఆదిమ జాతులు’లో వెనుకబాటు ధ్వనిస్తుంది. ‘స్థానికులు’ అంటే పక్క వీధివాళ్లు కూడా కావచ్చు. నాకు ‘మూలవాసులు’ నచ్చుతుంది, ‘ఆదివాసులు’ అన్నా తప్పు లేదు. వీలైన చోటల్లా అసలు పేరే రాయడం అన్నిటికంటే మేలు: గ్వానహానిలో కొలంబస్‌కు ఎదురైనవాళ్లు టైనోలు, మనం నవాహో అనేవాళ్లు తమను తాము ‘దినే’ అనుకుంటారు. అమెరికాలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న జాతులే 570కి పైగా ఉన్నాయి.

చివరగా, టైనోల గురించి మన పుస్తకాలు ‘అంతరించిపోయారు’ అంటాయి. ఆ చివర ‘పోయారు’ చూడండి. ఆకులు రాలిపోయినట్టు, ఎండకు చెరువు ఎండిపోయినట్టు వినిపిస్తుంది, చేసినవాడు కనపడడు. మశూచి, తట్టు లాంటి కొత్త రోగాలు లక్షల మందిని తీసుకుపోయిన మాట నిజం. కానీ బంగారు గనుల్లో వెట్టి, ఆకలి, కత్తివేట్లు మనుషులు చేసిన పనులు. వాటికి ‘చంపారు’, ‘పీడించారు’ అనే క్రియలే కావాలి. పైగా తమ పూర్వీకులు టైనోలని చెప్పుకునేవాళ్లు ప్యూర్టోరికోలో ఇప్పటికీ ఉన్నారు.

మీ మనవడి చేత ఇలా రాయించండి: ‘1492లో కొలంబస్ టైనోలు నివసించే గ్వానహాని దీవికి చేరాడు.’ రెండో వాక్యం ఏం రాయాలో వాణ్ణే అడగండి.