బండి సందేహాలు: స్క్రీన్ నల్లబడితే కారు ఆగిపోతుందా?

ఈసారి ఉత్తరాల్లో డీజిల్ బండ్ల గోల తగ్గింది. అందరూ ఎలక్ట్రిక్ కార్ల గురించే అడుగుతున్నారు. అందులోనూ బ్యాటరీ కంటే డ్యాష్‌బోర్డు మీది స్క్రీన్ మీదే సందేహాలు ఎక్కువ. రేణిగుంట రోడ్డులో షెడ్డు పెట్టుకుని సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు విప్పుకుంటూ బతికినవాణ్ణి నేను. ఇప్పుడు ఏ షెడ్డుకెళ్ళినా స్పానర్ తీసే ముందు ల్యాప్‌టాప్ తగిలిస్తున్నారు.

అన్నా, మావారు రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి ఉద్యోగానికి వెళ్ళొస్తారు. నెక్సాన్ ఈవీ, ఎంజీ విండ్సర్, క్రెటా ఎలక్ట్రిక్ మూడూ చూశాం. రేంజ్ ఎక్కువున్నది కొందామని ఆయన, సాఫ్ట్‌వేర్ బాగున్నది కొనాలని ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి. నాకేమో విండ్సర్ వెనక సీటు నచ్చింది. ఏది తీసుకోమంటారు?
ఒక టీచరమ్మ, చిత్తూరు

అమ్మా, ముందు మీవారి లెక్క తేల్చేద్దాం. విడుదలప్పుడు ప్రకటించిన రేంజ్ (ఒకసారి నిండా చార్జ్ చేస్తే నడిచే దూరం) నెక్సాన్ 45కి, అంటే 45 యూనిట్ల బ్యాటరీ ఉన్నదానికి, 489 కిలోమీటర్లు, క్రెటాలో పెద్ద బ్యాటరీకి 473, విండ్సర్‌లో 38 యూనిట్ల బ్యాటరీకి 332. (కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో యూనిట్టే, కాబట్టి నేను యూనిట్లనే అంటాను.) ఇవన్నీ ల్యాబ్‌లో రోలర్ల మీద తిప్పి తేల్చిన అంకెలు. నెక్సాన్ 45 రోడ్డు మీద 350 నుంచి 370 ఇస్తుందని టాటా వాళ్ళే వేరుగా చెబుతున్నారు. మిగతా రెండింటికీ అదే పాళ్ళలో ఒక పావు కోసేసుకోండి. చిత్తూరు, తిరుపతి రానుపోను 140 కిలోమీటర్లు. మే నెలలో ఏసీ ఫుల్లుగా పెట్టుకున్నా మూడింటిలో ఏదైనా చాలు, రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలుంటే చాలు. రేంజ్ గురించి ఇంట్లో గొడవ అనవసరం.

కానీ ఆ 140 కిలోమీటర్లు విండ్సర్ విషయంలో ఇంకోచోట తగులుతాయి. 2024 సెప్టెంబరులో ఆ కారు వచ్చినప్పుడు బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి పెట్టారు. కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయలు. మీవారి లెక్కన రోజుకు 490 రూపాయలు అద్దె. నెలకు 25 రోజులు వేసుకుంటే 12,250. కరెంటు ఖర్చు మళ్ళీ వేరే. ఆదివారం కాణిపాకం దాకా తీసేవాళ్ళకు ఈ అద్దె బాగుంటుంది గానీ మీకు కాదు. షోరూంలో ఇప్పటి రేటు కనుక్కుని ఇదే లెక్క కాగితం మీద వేయించండి. విండ్సరే కావాలంటే బ్యాటరీతో సహా కొనండి.

ఇక మీ అబ్బాయి. వాడు చెప్పింది నిజమే, కాకపోతే వాడు చూస్తున్నది రంగురంగుల లైట్లు, మాటలు వినే అసిస్టెంటు అయ్యుంటాయి. మీరు చూడాల్సింది వేరే. టెస్ట్ డ్రైవ్‌కు మిట్టమధ్యాహ్నం వెళ్ళండి. ఎండ స్క్రీన్ మీద పడుతున్నప్పుడు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా ఏసీ తగ్గించి చూడమనండి. వైపరు, హెడ్‌లైటు, పక్క అద్దాలు ఎక్కడున్నాయో వెతకమనండి. విండ్సర్‌లో 15.6 అంగుళాల స్క్రీన్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ పక్క అద్దాలు సర్దాలన్నా అందులోకే దూరాలి. నెక్సాన్‌లో ఏసీకి విడి ప్యానెల్ ఉంది, చాలా వరకు టచ్ బటన్లే అయినా చల్లదనానికీ ఫ్యాన్‌కీ వేలికి తగిలే మీటలు ఉంచారు. క్రెటాలోనూ ఏసీకి స్క్రీన్ కింద విడి ప్యానెల్ ఉంది. ఇది పాతకాలపు మెకానిక్ చాదస్తం అనుకోకండి. ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3లో వాల్యూముకూ ఏసీకీ చీకట్లో కనిపించని టచ్ పట్టీలు పెట్టి తిట్లు తిని, మళ్ళీ బటన్లు తెస్తామని ఒప్పుకుంది. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటరు, హజార్డ్ లైట్లు, హారన్, వైపరు లాంటివాటికి విడిగా మీటలు లేకపోతే పూర్తి మార్కులు ఇవ్వనంటోంది.

లేన్ తప్పితే స్టీరింగ్ తిప్పేసే ఆడాస్ ఉన్న మోడల్ చూస్తుంటే, తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) ఒకసారి మీ రోడ్డు మీద నడిపి చూడాలి. తమిళనాడు నుంచి పసుపు బట్టలతో నడిచొచ్చే భక్తులు రోడ్డు అంచున గుంపులుగా ఉంటారు. వాళ్ళకు దూరంగా జరుగుదామని ఇండికేటరు వేయకుండా తెల్లగీత దాటితే, కారు మళ్ళీ గీతలోకి లాగుతుంది. కొన్ని కార్లలో దాన్ని ఆపేసినా, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడల్లా అదే ఆన్ అవుతుంది. దాన్ని ఆపడానికి ఒక బటనా, నాలుగు మెనూలా? అది కూడా టెస్ట్ డ్రైవ్‌లోనే చూడండి.

నా మాట అడిగారు కాబట్టి: రోజూ ఇంత దూరం నడిపే మనిషికి నెక్సాన్ 45 లేదా క్రెటా. రెండింటిలో ఏదో తేల్చడానికి ఒకే ప్రశ్న వేయండి. స్క్రీన్‌కో చార్జింగ్‌కో తేడా వస్తే చిత్తూరులోనే ల్యాప్‌టాప్ పెట్టి చూసే మనిషి ఉన్నాడా, లేక బండిని చెన్నై పంపాలా? చిత్తూరులో మనిషున్న కంపెనీ కారే కొనండి. మీ సీటు మాట మరిచిపోలేదు. విండ్సర్ వెనక సీటు 135 డిగ్రీల దాకా వాలుతుంది, పెద్దవాళ్ళను తిప్పే ఇంటికి అది స్క్రీన్ కంటే ఎక్కువ పనికొస్తుంది. ఇంట్లో వెనక కూర్చునేవాళ్ళే ఎక్కువమందైతే మీ మాటే నెగ్గించుకోండి.

సార్, కారులో కొండకు వెళ్ళేటప్పుడు చార్జింగ్ గబగబా పడిపోయి టెన్షన్ వచ్చింది. దిగేసరికి మామూలుకంటే ఎక్కువ రేంజ్ చూపించింది. మీటరు పాడైందా?
కొత్తగా ఈవీ కొన్న పాఠకుడు, తిరుపతి

మీటరు బాగానే ఉంది. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊరు 160 దగ్గర. మనుషులతో కలిపి 1,800 కిలోల బండిని దాదాపు 700 మీటర్లు పైకి లేపడానికే సుమారు మూడున్నర యూనిట్లు కావాలి. 45 యూనిట్ల బ్యాటరీలో అదే 7, 8 శాతం. ఘాట్ రోడ్డు దూరానికి అయ్యేది దానికి అదనం. దిగేటప్పుడు మోటారు జనరేటరులా తిరిగి, బండిని బ్రేకులా ఆపుతూ అందులో కొంత వెనక్కిస్తుంది. 2022 నుంచి మన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కొండ దిగేటప్పుడు చేస్తున్నదీ ఇదే.

రేంజ్ అంకె మాత్రం సాఫ్ట్‌వేర్ వేసే అంచనా. మీరు ఇటీవల ఎలా నడిపారో చూసి, ఇకపైనా అలాగే నడుపుతారనుకుని లెక్క కడుతుంది. కొండ దిగుతూ ఏమీ ఖర్చు కాలేదు కాబట్టి, ఇంటిదాకా లోయే ఉందనుకుంటుంది. అలిపిరి దాటిన వెంటనే ఆ అంకె నమ్మి చెన్నై బయల్దేరకండి. శాతం చూడండి. బెంగళూరు వెళ్ళేటప్పుడు కూడా ఇదే సంగతి: అది 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చిత్తూరు దాటి మొగిలి ఘాట్, పలమనేరు మీదుగా వెళ్తుంటే మీరు తిరుమల కొండంత ఎత్తు ఎక్కుతున్నట్టే, ఎత్తు మెల్లగా పెరగడంతో తెలియదు. వచ్చేటప్పుడు మిగిలినంత చార్జింగ్ పోయేటప్పుడు మిగలదు.

ఇంకొకటి జాగ్రత్త. కొండమీద చార్జింగ్ దొరికినా 100 శాతం నింపి దిగకండి. నిండిన బ్యాటరీలో వచ్చే కరెంటుకు చోటుండదు, కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ మోటారు బ్రేకును తగ్గించేస్తుంది. మొత్తం బరువు మామూలు బ్రేకుల మీద పడుతుంది, మొదటి ఘాట్ మలుపుల్లో అవి వేడెక్కుతాయి. 80 శాతంతో దిగితే హాయి.

కిందికొచ్చాక మాత్రం, మీ కారులో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉంటే (నెక్సాన్, విండ్సర్, బీవైడీ, మహీంద్రా బీఈ 6 అన్నీ అవే) కంపెనీ చెప్పిన గడువులో ఒకసారి 100 దాకా పెట్టండి. ఆ రకం బ్యాటరీలో వోల్టేజి మధ్యలో దాదాపు కదలదు. ఎంత మిగిలిందో సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది రెండు చివరల దగ్గరే. చాలాకాలం 40కీ 70కీ మధ్యే తిప్పితే శాతం అంకె తప్పుతుంది, ఉన్నట్టుండి 15 నుంచి 6కు పడి గుండె ఆగినంత పనవుతుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. శ్రీకాళహస్తి దాటాక నా కారు స్క్రీన్ మొత్తం నల్లబడింది. బండి నడుస్తూనే ఉంది. సర్వీసులో 'అప్‌డేట్ వస్తుంది సార్' అంటున్నారు. భయపడాలా?
ఒక వ్యాపారి, శ్రీకాళహస్తి

బండి నడుస్తూనే ఉండటంలో వింత లేదు. బ్రేకుకు, స్టీరింగ్‌కు, మోటారుకు వేర్వేరు చిన్న కంప్యూటర్లు ఉంటాయి. పాటలు, మ్యాప్, కెమెరా చూసే స్క్రీన్ మరో కంప్యూటరు. అది పడిపోయినా మిగతావి తమ పని చేసుకుపోతాయి. మా అక్క కొడుకు బెంగళూరులో కారు బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తాడు. 'మామా, పాటల ప్రోగ్రాము రాసేవాణ్ణి మా ఫ్లోరుకే రానివ్వరు' అంటాడు.

అయినా తేలిగ్గా తీసుకోవద్దు. రివర్స్ కెమెరా, అద్దం మీది ఆవిరి తుడిచే ఏసీ సెట్టింగు ఆ స్క్రీన్‌లోనే ఉంటే అది భద్రత సంగతే. అమెరికాలో 2021లో టెస్లా దాదాపు 1,35,000 మోడల్ ఎస్, ఎక్స్ కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. కారణం వింటే నవ్వొస్తుంది: స్క్రీన్ వెనక 8 జీబీ మెమరీ చిప్పు, దాని మీద కారు రోజంతా ఏవో వివరాలు రాస్తూ రాస్తూ చిప్పునే అరగదీసింది. స్క్రీన్‌తో పాటు కెమెరా, అద్దం ఆవిరి తీసే పని కూడా పోయాయి. అలాంటి చోట అప్‌డేట్ సరిపోదు, పార్టు మార్చాలి. అందుకే సర్వీసువాళ్ళ దగ్గర నోటిమాట తీసుకోవద్దు. స్క్రీన్ నల్లబడిన తేదీ, టైము, సాఫ్ట్‌వేర్ వెర్షన్ జాబ్ కార్డులో రాయించండి. మళ్ళీ నల్లబడితే పక్కనున్నవాళ్ళను వీడియో తీయమనండి.

ఇంతకీ 12 వోల్టుల బ్యాటరీ చెక్ చేయించారా? ఎంత పెద్ద ఈవీ అయినా దాన్ని నిద్రలేపేది మన తిరుపతి పక్కనున్న కరకంబాడిలో తయారయ్యేలాంటి మామూలు చిన్న బ్యాటరీయే. అది నీరసించిందంటే స్క్రీన్లు ఆరిపోవడం, అర్థంలేని వార్నింగులు, చివరికి పెద్ద బ్యాటరీలో 90 శాతం ఉన్నా కారు లేవకపోవడం, అన్నీ జరుగుతాయి. బయట బిగించిన డ్యాష్‌క్యామ్ రాత్రంతా దాన్ని పీల్చేస్తుంటుంది. యాప్ తెరిచి కారు ఎలా ఉందో అని మాటిమాటికీ చూసినా కొన్ని కార్లలో కంప్యూటర్లన్నీ నిద్రలేస్తాయి. నా అనుమానం ముందు దాని మీదే. దాన్ని లోడ్ టెస్టు చేయించడం ఏ బ్యాటరీ షాపులోనైనా ఐదు నిమిషాల పని.

అప్‌డేట్ వచ్చిందని కారు అడుగుతోంది. ఒప్పుకోవాలా, వద్దా? ఉన్నది చెడిపోతుందేమో.
పలమనేరు పాఠకుడు

ఒప్పుకోండి. కానీ రేపు తెల్లారే ప్రయాణం ఉంటే ఈ రాత్రి కాదు. ఇంటి దగ్గర, సిగ్నల్ బాగున్నచోట, ముందు వెర్షన్ ఫోటో తీసుకుని పెట్టండి, మధ్యలో తలుపులు తీయకండి.

అప్‌డేట్ రెండు వైపులా పదునే. 2018లో టెస్లా మోడల్ 3 బ్రేకు దూరం ఎక్కువుందని అమెరికాలో ఒక వినియోగదారుల పత్రిక రాస్తే, కంపెనీ గాల్లోంచే సాఫ్ట్‌వేర్ పంపి దాన్ని దాదాపు 6 మీటర్లు తగ్గించింది. మా రోజుల్లో అంత మార్పుకు డ్రమ్ములు విప్పాలి. మరోపక్క జనరల్ మోటార్స్ 2023 డిసెంబరులో తన కొత్త షెవర్లే బ్లేజర్ ఈవీ అమ్మకాలనే సాఫ్ట్‌వేర్ లోపాలతో ఆపేసి, 2024 మార్చిలో గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఫోక్స్‌వ్యాగన్ సొంతంగా కారియాడ్ అని సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకుని కూడా, దాని ఆలస్యాల వల్ల పోర్షే, ఆడీ కార్లు వెనకబడి, చివరికి 2024లో రివియన్ అనే కొత్త కంపెనీతో చేతులు కలిపింది. వందేళ్ళుగా ఒక్కో పెట్టెను ఒక్కో సప్లయర్ దగ్గర కొని బిగించిన కంపెనీలకు, ఆ పెట్టెలన్నిటినీ ఒకే కోడ్‌తో మాట్లాడించడం ఇంజిన్ తయారీకంటే కష్టమైపోయింది.

స్నేహితుడి దగ్గర పాత ఎలక్ట్రిక్ కారు కొంటున్నాను. బ్యాటరీ రిపోర్టు చూశాను, బాగుంది. ఇంకేం చూడాలి?
పుత్తూరు పాఠకుడు

ఆర్‌సీ మారినంత మాత్రాన కారు మీ పేరుకు రాదు తమ్ముడూ. కంపెనీ యాప్‌లో పాత ఓనరు ఖాతా అలాగే ఉంటే, కారు ఎక్కడుందో ఆయనకు కనిపిస్తుంది, కొన్నిటికి ఏసీ, తాళం కూడా ఆయన ఫోన్ నుంచే పనిచేస్తాయి. ఆయన ఖాతాలోంచి కారును తీసేయించి, స్క్రీన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మీ నంబరుతో కొత్తగా రిజిస్టర్ చేసుకోండి. కనెక్టెడ్ సర్వీసు గడువు ఎంత మిగిలిందో, అది మీకు బదిలీ అవుతుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాటరీ వారంటీ రెండో ఓనరుకు ఏమవుతుందో కూడా అదే కాగితంలో అడగండి, కొన్ని కంపెనీలు తగ్గిస్తాయి.

స్నేహితుడు కదా అని మొహమాటపడకుండా, చివరి విడత డబ్బు ఇచ్చే ముందు ఆయన ఫోన్‌లోంచి కారు తలుపు తీయమనండి. తెరుచుకుంటే ఇంకా డబ్బు ఇవ్వకండి.