పాచికలు వేసే ముందు పట్టిక గీసుకో

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

పది లక్షల సార్లు పాచికలు వేయించి, పౌనఃపున్య పట్టిక (ఏ అంకె ఎన్నిసార్లు పడిందో చూపే పట్టిక) తీసి, అదంతా ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒకే వరుసలో రాసి తరగతిలో చూపిస్తావట. మీ నాన్న ఫోనులో చెప్పాడు. "లూపు కూడా ఉండదట" అని వాడు మురిసిపోతుంటే నాకూ గర్వంగానే ఉంది. ఫోను పెట్టేశాక గుబులు మొదలైంది. లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశాలు, రాసేవాడికి రాస్తున్నంతసేపూ ఆలోచించే వ్యవధి ఉంటుంది. ఒక్క వరుసలో ముగించేవాడికి అది ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను.

+/(⍳6)∘.=?1000⍴6

కుడి నుంచి ఎడమకు చదువుకో. వెయ్యిసార్లు వేసిన పాచికను ఒకటి నుంచి ఆరు దాకా ఒక్కో అంకెతో పోలిస్తే ఆరు అడ్డువరుసలు, వెయ్యి నిలువు వరుసల మాత్రిక వస్తుంది. అందులో అన్నీ సున్నాలు, ఒకట్లే. అడ్డంగా కూడితే ఆరు పౌనఃపున్యాలు. ఏపీఎల్‌కు దగ్గరి చుట్టమైన జే భాషలో, పాచిక వేసే ఆ ప్రశ్న గుర్తు 0 నుంచి 5 దాకా ఇస్తుంది. పైథాన్ భాషలో లెక్కలకు వాడే నంపైలో పాచికకు హద్దులు 1, 6 అని ఇస్తే, పై హద్దు లెక్కలోకి రాదు కాబట్టి ఆరు జన్మలో పడదు. ఇవి నీకు తెలుసు. తెలిసినా కనిష్ఠం, గరిష్ఠం ఒకసారి చూసుకో.

రెండు పాచికల మొత్తానికి ఒక పాచిక వేసి రెండుతో గుణించేవాళ్లను చూశాను. అలా అన్నీ సరిసంఖ్యలే వస్తాయి, అన్నీ సమానంగా వస్తాయి. సరైనది +⌿?2 1000⍴6. రెండింటి జవాబూ వెయ్యి సంఖ్యల వరుసే కాబట్టి భాష నిన్ను ఆపదు. దానికి ఆకారం తెలుసు, అర్థం తెలియదు. నా భయమంతా ఇక్కడే ఉంది.

చాలా ఏళ్ల కిందట మా విభాగంలో నాకన్నా పెద్దాయన ఒకరు ఉండేవారు. ఏపీఎల్ ఆయనకు కరతలామలకం. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతూ, రెండు పాచికల మొత్తాన్ని 40 సార్ల చొప్పున రెండు దఫాలు వేయించారు. పట్టికలో ఏ వరుసలు ఉండాలో ఆయన ముందుగా చెప్పలేదు. పడిన సంఖ్యల్లోంచే వేర్వేరు విలువలను ఏరి, క్రమంలో పెట్టి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించమన్నారు. చూడటానికి ముచ్చటైన పని. మొదటి దఫాలో 2 పడలేదు. రెండో దఫాలో 12 పడలేదు. అందులో వింతేమీ లేదు. 40 సార్లలో 2 ఒక్కసారీ పడకపోయే అవకాశం దాదాపు మూడోవంతు ఉంటుంది. అలా మొదటి పట్టిక 3 నుంచి 12 దాకా, రెండోది 2 నుంచి 11 దాకా వచ్చాయి. రెండింటికీ పదేసి వరుసలు. ఆయన పౌనఃపున్యాల మధ్య కూడిక గుర్తు పెట్టి, పక్కన మొదటి పట్టిక విలువలనే ఉంచారు.

పొడవులు వేరైతే భాషే గోల చేసి ఉండేది. సమానం కాబట్టి నోరు మెదపలేదు. మొదటి దఫా ఏడు వెళ్లి రెండో దఫా ఆరుతో కలిసింది, ఎనిమిది ఏడుతో కలిసింది. అన్నీ కూడితే 80 వచ్చింది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఏడు దగ్గర శిఖరం ఉండాల్సింది బల్లపరుపుగా ఉంటే, నమూనా చిన్నది కదా అనుకున్నారు. సగటు ఏడున్నర దగ్గర తేలితే ఆ నేరాన్నీ నమూనా మీదికే నెట్టారు. ఆ సాకు దేనికైనా సరిపోతుంది మరి!

చివరికి పట్టుకున్నది కొత్తగా చేరిన ఒక అమ్మాయి. వేసిన 80 మొత్తాలనూ ఆమె నేరుగా కూడింది. పట్టికలో ప్రతి విలువనూ దాని పౌనఃపున్యంతో గుణించి కూడితే రావలసిందీ అదే. సరిగ్గా 40 తేడా వచ్చింది. రెండో దఫాలోని ప్రతి ఫలితమూ ఒక మెట్టు పైకి జరిగింది మరి. పెద్దాయన ఏమీ అనలేదు గానీ ముఖం మాడిపోయింది. అందరి ఎదుట, తెర మీద!

గుణకారం తప్పిన రోజున నువ్వు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడేవాడివి కాదు. ఇప్పుడు ఎంత ఎదిగినా నా కంటికి ఆ మూతిముడుపే కనిపిస్తోంది. కాబట్టి బుద్ధిగా విను. ఏయే విలువలు రావచ్చో నువ్వు ముందే రాయి, పాచికలకు వదిలిపెట్టకు:

+/(1+⍳11)∘.=+⌿?2 1000⍴6

పడని సంఖ్యకు సున్నా ఉంటుంది, దాని వరుస మాత్రం ఎక్కడికీ పోదు. నంపైలో ఏ సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే బిన్‌కౌంట్ వాడితే కనీస పొడవు 13 అని చెప్పు, మొదటి రెండు గళ్లు (0, 1) ఖాళీగా ఉంటాయని గుర్తుంచుకో. వేసినవాటిని ఒక పేరులో దాచి, ఆ అమ్మాయి చేసిన కూడిక చెయ్యి. పౌనఃపున్యాల మొత్తం సరిపోయిందని సంబరపడకు, అది తప్పుడు పట్టికలోనూ సరిపోయింది.

ఇంకొకటి. పది లక్షలు వేసి "పాచిక నిష్పాక్షికమని నిరూపించాను" అన్నావంటే నీ చెవి మెలిపెట్టడానికి నేనే వస్తాను. నిష్పాక్షికంగా వేయమని చెప్పిందే నువ్వు! చెక్కిన పాచికల సంగతి వేరు. 1894లో జీవశాస్త్రవేత్త వెల్డన్ 12 పాచికలను కలిపి 26,306 సార్లు వేసిన లెక్క ఉంది. అయిదు గానీ ఆరు గానీ మూడోవంతు రావాలి, కానీ 0.3377 వచ్చింది. గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో కై వర్గ పరీక్షను (వచ్చిన లెక్కకూ రావలసిన లెక్కకూ ఉన్న తేడా యాదృచ్ఛికమేనా అని తేల్చే పరీక్షను) ప్రకటించినప్పుడు పరీక్షించిన లెక్కల్లో ఇదీ ఒకటి. అంతటి ఓపిక నీకు అక్కర్లేదు, పేరు మాత్రం తలచుకో.

నీ ప్రదర్శనకు నేనైతే మూడు పాచికలు తీసుకుంటాను. మొత్తం తొమ్మిదికీ పదికీ చెరి ఆరు విధాల కలయికలు ఉన్నా, పదే ఎక్కువగా ఎందుకు పడుతుందని జూదగాళ్లకు వచ్చిన సందేహాన్ని గెలీలియో తీర్చాడు: 216 అవకాశాల్లో తొమ్మిదికి 25, పదికి 27. దీనికి పాచికలే అక్కర్లేదు, (⍳6)∘.+(⍳6)∘.+⍳6 అంటే 216 మొత్తాలూ ముందుకొస్తాయి. ఆ లెక్క ముందు తీసి పక్కన పెట్టుకుని, అప్పుడు పాచికలు వేయించు. వెయ్యిసార్లు వేస్తే పది మీద తొమ్మిది గెలిచే అవకాశం సుమారు పావువంతు. లక్షసార్లు వేస్తే అలా జరగడం దాదాపు అసాధ్యం. ఎన్నిసార్లు వేయాలో అప్పుడు నీకే అర్థమవుతుంది. పది లక్షలన్నది గొప్పకు ఎంచుకున్న సంఖ్యలా ఉంది నాకు.

బీజం విలువ, అంటే యంత్రం పాచికల అంకెలను పుట్టించడం మొదలుపెట్టే సంఖ్య, రాసిపెట్టు. పాత ఏపీఎల్‌లలో అది ఎప్పుడూ 16807తోనే, అంటే ఏడు అయిదో ఘాతంతోనే మొదలయ్యేది. ఇద్దరు విడివిడిగా ఒకే ప్రోగ్రాం నడిపి, జవాబులు అంకె పొల్లు పోకుండా కలిశాయని సంతోషించడానికి అది చక్కని ఏర్పాటు.

216 మొత్తాల పట్టిక నాకు ముందు పంపు. తెర మీద అక్షరాలు బాగా పెద్దవిగా పెట్టు. ఆ చిన్న సున్నా పక్కన ఉన్న చుక్క వెనక బెంచీలవాళ్లకు కనిపించకపోతే, నువ్వు ఎంత వివరించినా వాళ్లకు అది అక్షరదోషంలాగే ఉంటుంది.

మీ అత్తయ్య