రియాక్ట్ ప్రాజెక్టును మేవెన్ ఫోల్డర్లలోకి ఎలా సర్దాలి?

మా ఆఫీసులో మేవెన్ (జావా ప్రాజెక్టుల బిల్డ్ టూల్) తప్ప వేరే బిల్డ్ ఒప్పుకోరు, రియాక్ట్ (వెబ్ స్క్రీన్లు రాసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కోడంతా ఎస్‌ఆర్‌సి/మెయిన్/వెబ్‌యాప్ కిందకి మార్చమంటున్నారు అని మీ ప్రశ్న. మార్చకండి. రియాక్ట్ కోడ్‌ని బిల్డ్ చేసే టూల్ వీట్ (Vite) తన రూట్‌లో ఇండెక్స్ ఫైలునీ, పక్కనే ప్యాకేజ్ జేసన్‌నీ (ప్రాజెక్టుకి కావాల్సిన లైబ్రరీల జాబితా) వెతుక్కుంటుంది. వాటిని విడదీస్తే ప్రతి అప్‌గ్రేడ్‌కీ కాన్ఫిగ్ తిరగరాయాలి. ఫోల్డర్లన్నీ ఒకేలా ఉండాలనే పట్టుదల ఎన్నో ప్రాజెక్టుల నెలలు తినేసింది.

ఫ్రంటెండ్‌ని వేరే మాడ్యూల్‌గా ఉంచి, ప్యాకేజ్ జేసన్ పక్కనే పామ్ ఫైలు (మేవెన్ సెట్టింగులుండే pom.xml) పెట్టండి. మేవెన్ లోంచే నోడ్, ఎన్‌పీఎంలను నడిపే ఫ్రంటెండ్ మేవెన్ ప్లగిన్‌లో నోడ్ వెర్షన్ కచ్చితంగా రాయండి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ నడపండి. లేకపోతే లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లుండే లాక్ ఫైలు బిల్డ్ మధ్యలో మారిపోవచ్చు. బిల్డ్ సర్వర్‌కి ఇంటర్నెట్ లేకపోతే నోడ్ డౌన్‌లోడ్ చిరునామానీ, ఎన్‌పీఎం రిజిస్ట్రీనీ రెండూ లోపలి మిర్రర్‌కి తిప్పాలి. చాలామంది రెండోది మాత్రమే తిప్పి తల పట్టుకుంటారు.

అసలు చిక్కు ఫేజుల (మేవెన్ బిల్డ్‌లో వరుసగా నడిచే దశల) దగ్గరుంది. వీట్ బిల్డ్‌ని జెనరేట్-రిసోర్సెస్‌కి కట్టండి. ప్రిపేర్-ప్యాకేజ్‌కి కడితే, ఫైళ్ళు కాపీ చేసే ప్రాసెస్-రిసోర్సెస్ అప్పటికే అయిపోయి ఉంటుంది. డెవలపర్ మెషీన్‌లో పాత డిస్ట్ ఫోల్డర్ (వీట్ తన అవుట్‌పుట్ పెట్టే చోటు) ఉంటుంది కాబట్టి పాత స్క్రీనే జార్‌లోకి (మేవెన్ తయారుచేసే ప్యాకేజీ ఫైలు) వెళ్తుంది, ఎవరికీ అనుమానం రాదు. బిల్డ్ సర్వర్ జెంకిన్స్‌లో ఆ ఫోల్డరే ఉండదు. మేవెన్ "ఆ డైరెక్టరీ లేదు, వదిలేస్తున్నా" అని మామూలు సమాచారంలా ఒక్క లైను రాసి బిల్డ్ సక్సెస్ అంటుంది. జార్ ఖాళీ! మేవెన్ క్లీన్ కూడా టార్గెట్‌నే (మేవెన్ తన అవుట్‌పుట్ పెట్టే ఫోల్డర్) తుడుస్తుంది, డిస్ట్ జోలికి పోదు. అందుకే వీట్ అవుట్‌పుట్‌ని టార్గెట్/డిస్ట్‌కి పంపండి.

అక్కణ్ణుంచి మెటా-ఇన్ఫ్/రిసోర్సెస్‌లోకి కాపీ చేయించి, బ్యాకెండ్ మాడ్యూల్‌లో ఈ జార్‌ని డిపెండెన్సీగా చేరిస్తే బ్యాకెండ్‌ని నడిపే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ ఆ ఫైళ్ళను నేరుగా వడ్డిస్తుంది. ఈ కాపీలో ఫిల్టరింగ్ (ఫైళ్ళలోని పేర్ల స్థానంలో మేవెన్ విలువలు నింపే సౌకర్యం) ఆపేయండి. ఆన్‌లో ఉంటే ఫాంట్లు పాడవుతాయి, జావాస్క్రిప్ట్‌లోని డాలర్ బ్రాకెట్ల మధ్య పేర్లు మేవెన్ ప్రాపర్టీలతో కలిస్తే వాటినీ మార్చేస్తుంది.

అప్లికేషన్ /పోర్టల్ లాంటి కాంటెక్స్ట్ (చిరునామాలో ముందుండే భాగం) కింద నడిస్తే వీట్ బేస్, రియాక్ట్ రౌటర్ బేస్‌నేమ్ రెండూ అదే పెట్టాలి. బేస్ మర్చిపోతే తెల్ల పేజీ వస్తుంది. లోపలి పేజీలో రిఫ్రెష్ కొడితే 404 వస్తోందంటే, ఆ దారుల్ని ఇండెక్స్ పేజీకి ఫార్వర్డ్ చేసే కంట్రోలర్ బ్యాకెండ్‌లో రాయలేదన్నమాట.