వెదరింగ్ విత్ యూ ముగింపు తప్పా? నా మటుకు కాదు, లోపం వేరే చోట ఉంది

'వెదరింగ్ విత్ యూ' చాలా బాగుందంటారు, మళ్లీ వాళ్లే ముగింపు చెడగొట్టాడంటారు, ఇంతకీ చూడాలా వద్దా అని కదా మీరు అడిగింది. చూడండి, వీలైతే పెద్ద తెర మీద చూడండి. ముగింపు గురించి అందరూ అనేదానితో మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే కథంతా చెప్పక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివాళ్లు చూశాకే మిగతాది చదవండి.

మకోతో షింకాయ్ తీసిన ఈ జపనీస్ యానిమేషన్ సినిమా జపాన్‌లో 2019 జులైలో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో మన దేశంలోనూ థియేటర్లలో వేశారు. ఇక్కడి అభిమానులు వేల సంతకాలతో ఆన్‌లైన్ పిటిషన్ పెట్టారు, దాని ఫలితమే అది. హైదరాబాద్‌లో మా చెల్లీ నేనూ కలిసి చూశాం. హోదాకా అనే పదహారేళ్ల అబ్బాయి ద్వీపంలోని ఇల్లు వదిలి టోక్యోకి పారిపోయి వస్తాడు. అక్కడ ఆగని వాన. హినా అనే అమ్మాయి ప్రార్థిస్తే ఆమె ఉన్నచోట కాసేపు ఎండ కాస్తుంది. ఇద్దరూ కలిసి ఎండని అమ్మే చిన్న వ్యాపారం మొదలుపెడతారు, పెళ్లిళ్లకీ గుర్రప్పందేలకీ బాణసంచా పండక్కీ. కానీ ప్రార్థించిన ప్రతిసారీ ఆ పిల్ల ఒళ్లు కొంచెం కొంచెంగా నీరైపోతూ ఉంటుంది.

బొమ్మల గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. వాన ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది, అంతే: తారు రోడ్డు మీద ఒకలా, ప్లాస్టిక్ గొడుగు మీద ఒకలా, రైలు కిటికీ అద్దం మీద ఇంకోలా. నాకు అంతకన్నా నచ్చింది వంట. హోదాకా మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు హినా గబగబా ఏదో చేసి పెడుతుంది. కిటికీ దగ్గర గిన్నెలో పెంచుకుంటున్న బఠాణీ మొలకలు కత్తెరతో కత్తిరించి, అతను తెచ్చిన చిప్స్ ప్యాకెట్‌ని నలిపి ఫ్రైడ్ రైస్‌లో కలిపేస్తుంది. డబ్బుల్లేవనీ అమ్మ లేదనీ తమ్ముణ్ణి తనే సాకుతోందనీ ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, ఆ కత్తెర చాలు. అంతకుముందు హోదాకా తిండిలేక కూర్చున్నప్పుడు ఆమె ఒక బర్గర్ పెట్టి వెళ్తుంది, తన పదహారేళ్లలో అంత మంచి భోజనం చేయలేదంటాడు వాడు. వీళ్ల ప్రేమ మొదలయ్యేది ఆకలి దగ్గర. అందుకే నమ్మబుద్ధవుతుంది. మంత్రాలూ ఆకాశలోకాలూ ఆ తర్వాతి సంగతి.

ఇక ముగింపు. హినా బలైతేనే వాన ఆగుతుంది. ఆమె మాయమవుతుంది, తెల్లారేసరికి ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఊరంతా సంబరపడుతుంది. ఆ ఎండకి ఎవరు బలయ్యారో తెలిసిన హోదాకా పోలీసులకి చిక్కి వాళ్ల కారులో కూర్చుని ఉంటాడు. తర్వాత వాడు తప్పించుకుని, పైకెక్కి, ఆమెని వెనక్కి తెచ్చుకుంటాడు. నీలాకాశం కన్నా నువ్వే కావాలి, వాతావరణం ఎలా పోతే నాకేంటి అంటాడు. వాన మళ్లీ మొదలై మూడేళ్లు ఆగదు, టోక్యోలో చాలా ప్రాంతాలు మునిగిపోతాయి. "ఇంత స్వార్థమా" అని చాలామంది కోపం.

నేను అనంతపురం జిల్లాలో పెరిగాను. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన చిన్నకోడలు ముసలమ్మ కథ మా జేజి చెప్పేది, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాసింది కూడా ఆ కథే. ఆ పిల్లకి చేతులు జోడిస్తాం సరే, కానీ కట్ట మీద నిలబడిన అంతమందిలో ఒక్కడైనా "వద్దమ్మా, ఊరు పోతే పోనీ" అన్నాడా అని చిన్నప్పటి నుంచీ నాకు గుండెలో ముల్లులా ఉండేది. ఈ సినిమాలో ఆ ఒక్కడు ఉన్నాడు. ఒక్క మనిషి పోతే వాతావరణం బాగవుతుందంటే నాకు సరే, అందరికీ సరే అని హోదాకాకి పనిచ్చిన సుగా అనే పెద్దమనిషి తాగి అంటాడు చూడండి, సినిమా మొత్తం ఆ మాటకి ఎదురు తిరుగుతుంది. పైగా ఆ పిల్లకి నిజానికి పదిహేనేళ్లే. పద్దెనిమిది వస్తాయని అబద్ధం చెప్పి పని చేసుకుంటోంది. అలాంటి పిల్లని బలిచ్చి ఎండ తెచ్చుకునే ఊరికి ఆ ఎండ దక్కనక్కర్లేదు. ఆ నిర్ణయం నాకు నూటికి నూరుపాళ్లు సమ్మతం.

నాకు నచ్చనిది, ఆ నిర్ణయానికయ్యే ఖర్చుని సినిమా సరిగ్గా చూపించకపోవడం. 2020 అక్టోబర్ వానలకి సరూర్‌నగర్ చెరువు పొంగి మా పిన్నివాళ్ల ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయడానికి వెళ్లాం. ఫ్రిజ్ తేలివెళ్లి తలుపుకి అడ్డంగా పడి ఉంది, బియ్యం డబ్బా నిండా బురద, పెళ్లి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మా పిన్ని వాటిని స్పూన్‌తో విడదీస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఈ సినిమా మళ్లీ చూస్తే చివరి పావుగంట చాలా బాధనిపించింది. మునిగిన టోక్యో శుభ్రంగా, అందంగా ఉంటుంది. జనం పడవల్లో తిరుగుతుంటారు. ఇల్లు పోయిన ఫుమి అనే ముసలావిడ అపార్ట్‌మెంట్‌లో కూర్చుని, ఆ చోటు పూర్వం సముద్రమేలే, మళ్లీ అలాగే అయిందంతే అని హోదాకాని సముదాయిస్తుంది. ప్రపంచం ఎప్పుడూ పిచ్చిదే, అంతా నీవల్లే అయిందనుకోకు అని సుగా అంటాడు. హోదాకా మీద ఒక్కరైనా మండిపడాలి కదా? ఇల్లు పోయిన ఒక్క మనిషి ఏడవాలి కదా? అది చూసి కూడా వాడు హినా చెయ్యి వదలకపోతే అప్పుడు ఆ ప్రేమకి ఇంకెంత బరువుండేది!

మిగతా లోపాలు చిన్నవి. హోదాకా ఇంట్లోంచి ఎందుకు పారిపోయాడో ఊపిరాడలేదన్న మాట తప్ప ఏమీ చెప్పరు. చెత్తలో దొరికిన తుపాకీ కథని పరిగెత్తించడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. సుగా దగ్గర పనిచేసే నత్సుమి అనే అమ్మాయి ఒంటి మీద చూపుల జోకులు ఇంట్లో అందరితో కూర్చుని చూసేటప్పుడు ఇబ్బందిగా ఉంటాయి, అవి లేకపోయినా కథకి నష్టమేం లేదు. హినా మనసులో ఏముందో ఇంకొంచెం తెలియాల్సింది. హోటల్ గదిలో "ఈ వాన ఆగాలని నీకుందా" అని అడుగుతుంది, వాడు ఆలోచించకుండా "ఊఁ" అంటాడు. ఆ ఒక్క "ఊఁ" పట్టుకుని ఆ పిల్ల రాత్రంతా ఏం ఆలోచించిందో చూపించి ఉంటే పోలీసుల వెంటపడటాలు సగం తీసేసినా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి, రాడ్‌వింప్స్ అనే బ్యాండ్ పాటలు మాటల్లో భాగంలాగే వస్తాయి కాబట్టి. షింకాయ్ సినిమాలు ఇదే మొదటిసారైతే ముందు 2016లో వచ్చిన 'యువర్ నేమ్' చూడండి, అందులోని జంట ఇక్కడ కాసేపు కనిపిస్తుంది, గుర్తుపడితే ఆ ఆనందం వేరు.